మొదట పేరు, ఆ తర్వాతే పెయింటు

మా ఊరి కూడలిలో సిమెంటు దిమ్మె మీద ఒక పెద్ద గన్ ఉంది. దాని చుట్టూ తిరుగుతూనే పెరిగాను. బడికి దారి అదే, సినిమా హాలుకి దారి అదే. దిమ్మెకి బిగించిన రేకు మీద ‘పాకిస్తాన్ ట్యాంకు ఫిరంగి - 1971’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది. నలభయ్యేళ్లు అది నిజమనే అనుకున్నాను.

నాలుగేళ్ల కిందట సంక్రాంతికి మా మావయ్య వచ్చాడు. ఆటో దిగుతూ ఆ గన్ కేసి చూసి, ఒక కాలు ఆటోలోనే ఉంచి ఆగిపోయాడు.

“అల్లుడూ, ఇది ఫైవ్ పాయింట్ ఫైవ్ రా! ఇది ఇక్కడికెలా వచ్చింది?”

మావయ్య పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరాడు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాక మీడియం రెజిమెంట్‌లో గన్నర్‌గా పనిచేశాడు. ఆయన ఎడమ చెవి వినపడదు. మాట్లాడాలంటే మేమంతా కుడి పక్క కూర్చుంటాం. ఆ చెవిని పోగొట్టింది ఈ రకం గన్నే అని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆయన సామాను నా చేతికిచ్చేసి దిమ్మె దగ్గరికి నడిచి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, రేకు మీది రాత చదివాడు. ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, “ట్యాంకు అని రాశార్రా,” అన్నాడు. ఆ గొంతులో బాధ నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ నాలుగేళ్లలో ఆ గన్ గురించి, అలాంటి గన్‌ల గురించి దొరికినంత చదివాను. అనుమతి తీసుకుని, మావయ్యని పక్కన పెట్టుకుని, ఇద్దరు మెకానిక్కుల సాయంతో దాన్ని కొంత బాగుచేశాం కూడా. ఆ పనిలో నాకు గట్టిగా అనిపించిన మాట ఒకటుంది. పాత గన్‌ని బాగుచేయడం పెయింటుతో మొదలవకూడదు, దాని పేరు కనుక్కోవడంతో మొదలవ్వాలి. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తిరగేసి. ప్రతి ఆగస్టు 15కీ, జనవరి 26కీ ఒక పూత వేస్తూ ఆ పేరునే కప్పేస్తున్నాం.

మన భాషలో వీటన్నిటికీ ఒకటే మాట, ఫిరంగి. పడమటి నుంచి ఓడల్లో వచ్చినవాళ్లని ‘ఫరంగీ’లు అన్నారు, వాళ్లతో వచ్చిన ఆయుధానికీ అదే పేరు స్థిరపడింది. పత్రికల్లో శతఘ్ని అని రాస్తారు. మాట ఏదైనా పర్వాలేదు. కానీ ఒకే మాట ఉండటంతో ఒకే వస్తువు అనుకుంటాం. సైన్యంలో ఫీల్డ్, మీడియం, హెవీ అని వేరువేరు తరగతులు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఫీల్డ్ గన్ 25 పౌండర్, అంటే దాని గుండు బరువు పాతిక పౌండ్లు. అదే కాలపు మీడియం గన్ మా ఊళ్లో ఉన్న ఫైవ్ పాయింట్ ఫైవ్, అంటే గొట్టం లోపలి వెడల్పు 5.5 అంగుళాలు. దీని గుండు మొదట్లో 100 పౌండ్లు, మన లెక్కలో 45 కిలోలు. క్వింటాలు బియ్యం బస్తాలో సగానికి కొంచెం తక్కువ. దాన్ని ఇద్దరు ట్రే మీద పట్టుకొచ్చి, గొట్టం వెనక ఎత్తి పెట్టి, ర్యామర్‌తో లోపలికి దట్టించాలి. నిమిషానికి రెండు గుండ్లు. పదిమంది జట్టు. ఆరు టన్నుల పైచిలుకు బరువున్న గన్‌ని బురదలో తిప్పాల్సింది కూడా ఆ పదిమందే.

మావయ్య అంత దూరం నుంచి ఎలా గుర్తుపట్టాడు? “కొమ్ములు చూడు,” అన్నాడు. గొట్టానికి రెండు పక్కలా నిలువుగా లేచిన రెండు లావుపాటి స్తంభాలు ఉన్నాయి. నేను చిన్నప్పుడు వాటిని పొగగొట్టాలనుకునేవాణ్ని. నిజానికి వాటి లోపల బలమైన స్ప్రింగులు ఉంటాయి. గొట్టంలో ఎక్కువ భాగం ముందుకి సాగి ఉంటుంది కాబట్టి దాని బరువంతా మూతి వైపే లాగుతుంది. ఆ బరువుని స్ప్రింగులు మోస్తే తప్ప ఒక మనిషి చేత్తో చక్రం తిప్పి దాన్ని పైకెత్తలేడు. డిజైన్ దశలో దీనికి గాలి, నూనెలతో పనిచేసే ఏర్పాటు అనుకున్నారు. అది కుదరక ఆలస్యమై, చివరికి ఈ స్ప్రింగు కొమ్ముల దగ్గర స్థిరపడ్డారు. 1939లో పుట్టిన ఆలోచన 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో యుద్ధానికి దిగడానికి అన్నాళ్లు పట్టడంలో ఈ కొమ్ముల పాత్ర ఉంది.

అయితే కొమ్ములు చూసినంత మాత్రాన పని అయిపోదు. ఇదే బండి (గొట్టాన్ని మోసే చక్రాల చట్రం) మీద బ్రిటన్ మరో గన్ కూడా ఎక్కించింది. అది 4.5 అంగుళాల మీడియం గన్ మార్క్ 2. కొమ్ములు అవే, చక్రాలు అవే, కాళ్లు అవే. తేడా గొట్టంలోనే. 4.5 గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది, 5.5 పొట్టిగా, లావుగా. పక్కపక్కన ఉంటే పిల్లలు కూడా చెప్పేస్తారు. విడిగా ఒకటే ఉంటే ఫొటో చూసి పెద్దవాళ్లూ పొరబడతారు. అందుకని కొలవాలి.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్ పట్టుకుని వెళ్లాం. మూతిలో చెయ్యి పెడితే ముందు వచ్చినవి కందిరీగల మట్టి గూళ్లు, రెండు వాటర్ బాటిళ్లు, ఒక గుట్కా ప్యాకెట్ల ముద్ద. అవన్నీ తీసి గుడ్డతో తుడిచాక గొట్టం లోపల మెలితిరిగిన గాడులు కనిపించాయి. గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్లడానికి చెక్కిన గాడులు అవి. కొలిచేటప్పుడు పొరపాటు జరిగేది ఇక్కడే. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకి కొలిస్తే లెక్క ఎక్కువ వస్తుంది. గాడుల మధ్య ఉబ్బెత్తు గట్లు ఉంటాయి కదా, ఒక గట్టు మీద నుంచి ఎదురుగా ఉన్న గట్టు మీదకి కొలవాలి. మాకు 140 మిల్లీమీటర్లు వచ్చింది. 5.5 అంగుళాలంటే 139.7. ఎనభయ్యేళ్ల అరుగుదల, తుప్పు లెక్కేసుకుంటే ఇక అనుమానం లేదు. అదే 114 వస్తే 4.5 అయ్యేది. 127 వస్తే మొదటి ప్రపంచయుద్ధం నాటి 60 పౌండర్, 152 వస్తే ఆరంగుళాల హోవిట్జర్ అనే ఫిరంగి. 130 వస్తే అది బ్రిటిష్‌దే కాదు, రష్యన్ ఎం-46.

ఎం-46ని గుర్తుపట్టడం తేలిక. కొమ్ములుండవు. ఏడున్నర మీటర్ల పొడుగు గొట్టం, దాని చివర మిరియాల డబ్బా మూతలా చిల్లులున్న మజిల్ బ్రేక్, అంటే గన్ వెనక్కి తన్నే దెబ్బని తగ్గించే తొడుగు. 27 కిలోమీటర్లు కొడుతుంది. మన సైన్యం దాన్ని 1971లోనూ వాడింది, 1999లో కార్గిల్‌లోనూ వాడింది. చైనా దాన్ని చూసి టైప్ 59 అని తయారుచేసుకుంది, పాకిస్తాన్ కొన్నది ఆ చైనా రకం. దూరం నుంచి రెండూ ఒకలాగే అనిపించొచ్చు. ముద్రలు రష్యన్ లిపిలో ఉన్నాయా, చైనా లిపిలో ఉన్నాయా అన్నది దగ్గరికెళ్లి చూస్తేనే తేలుతుంది. దిమ్మె మీద ‘శత్రువు దగ్గర పట్టుకున్నది’ అని రాసే ముందు కనీసం ఆ లిపి చూడాలా వద్దా?

ఇదే చిక్కు మా 5.5కీ ఉంది. ఈ గన్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది. 1947లో బల్లలు, కుర్చీలు, రైలుపెట్టెలు పంచుకున్నట్టే ఆయుధాలూ సుమారుగా రెండు వంతులు ఇటు, ఒక వంతు అటు పంచుకున్నారు. 1965లో, 1971లో 5.5 రెండు పక్కలా ఉంది. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన గన్‌లు ఒకదానికెదురుగా ఒకటి నిలబడి కాల్చుకున్నాయి. కాబట్టి మా ఊరి గన్ పాకిస్తాన్‌ది అయ్యుండొచ్చు, మనదే అయ్యుండొచ్చు. ట్యాంకుది మాత్రం కానేకాదు. ఇక మిగతాది తేల్చగలిగేవి దాని ఒంటి మీది అంకెలే.

ఆ అంకెలు ఎక్కడుంటాయో మావయ్యకి తెలుసు. గొట్టం వెనక చివర బ్రీచ్ రింగు అని ఒక దిట్టమైన ఉక్కు దిమ్మ ఉంటుంది. దాని మీద ఉలితో కొట్టినట్టు చిన్న అక్షరాలు ఉంటాయి. గన్ రకం, మార్కు, చేసినవాళ్ల గుర్తు, సంవత్సరం, రిజిస్టర్ నంబరు. పక్కనే బాణం గుర్తు ఉంటే అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి. బాణం చుట్టూ ‘సి’ ఉంటే కెనడాది, అటూ ఇటూ ‘డి’లుంటే ఆస్ట్రేలియాది. గొట్టానికి ఒక నంబరు, అది కూర్చున్న బండికి ఇంకో నంబరు. ఈ రెండూ కలిసి పుట్టాలని లేదు. గుండ్లు కాల్చీ కాల్చీ గొట్టం అరిగిపోతుంది, అరిగితే తీసి కొత్తది వేస్తారు, బండి అదే కొనసాగుతుంది. అందుకే బ్రీచ్ మీద 1943 అని ఉందని గన్ మొత్తం 1943దే అని రాయడం తప్పు. రెండు తేదీలూ విడివిడిగా రాయాలి.

గోల్కొండ బురుజుల మీద మిగిలిన ఔరంగజేబు కాలపు తోపులు చూసినవాళ్లకి తెలుసు. వాటి వీపు మీద ఫారసీలో పేరు, పోతపోసినవాడి పేరు ఉబ్బెత్తుగా ఉంటాయి. మూడువందల ఏళ్లు ఎండకీ వానకీ నిలిచి ఇవాళ్టికీ చదువుకోవచ్చు. మన కాలపు గన్‌లకీ ఒంటి మీద పేరు ఉంది, కానీ వేలి గోరంత అక్షరాల్లో. దాని మీద నాలుగు పూతలు పడితే చాలు, మాయమైపోతుంది.

మా గన్ మీద నాలుగు కాదు. గోరుతో గీకితే పెళ్లలుగా లేచింది. మావయ్య బ్రీచ్ రింగు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, చూపుడువేలితో మెల్లగా తడిమాడు. “ఇక్కడ ఉంది. గరుగ్గా తగుల్తోంది,” అన్నాడు. ఆ చోట అరచెయ్యంత మేర మాత్రమే తీశాం. మెకానిక్ కుర్రాడు గ్రైండరు తెస్తానంటే ఆయన కసిరాడు. గ్రైండరు పెడితే పెయింటుతో పాటు అంకె కూడా లేచిపోతుంది. అందుకే శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి శుభ్రం చేయడం కూడా వద్దంటాను. ఒక్కపూటలో ధగధగలాడే ఉక్కు బయటపడుతుంది, నిజమే. లోతుగా కొట్టిన ముద్రలు మిగిలినా, పైపైన కొట్టినవి, స్టెన్సిల్‌తో వేసినవి శాశ్వతంగా పోతాయి. మేము పెయింట్ రిమూవర్ రాసి, పాలిథిన్ కాగితం కప్పి, గంట ఆగి, చెక్క ముక్కతో గీకాం. అంతా పోయాక సుద్దపొడి రుద్దితే అంకెలు తెల్లగా లేచాయి. బ్రీచ్ మీద 1944. మధ్యాహ్నం దాకా పని చేసి బండి మీది పలక కూడా బయటపెట్టాం. దాని మీద 1942.

ఆ రెండు సంవత్సరాలు చూసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. నలభయ్యేళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి అవి.

పాత పూతల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎవరూ పట్టించుకోని చోటు ఒకటి ఎంచుకుని, అంటే కాలి లోపలి వైపో, చక్రం వెనకో, రూపాయి బిళ్లంత మేర సన్నటి వాటర్ పేపర్‌తో తడిపి తడిపి రుద్దాలి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. అప్పుడు చెట్టు మొదలు నరికితే వలయాలు కనిపించినట్టు ఒక్కో పూతా ఒక్కో వలయంగా తేలుతుంది. మా గన్‌కి అన్నిటికన్నా పైన నల్ల ఎనామిల్, దాని కింద వెండిరంగు, మళ్లీ నలుపు, మళ్లీ వెండి. ఇవన్నీ ఊరివాళ్ల పూతలు. వాటి కింద ఆలివ్ గ్రీన్ మూడు పూతలు. దాని కింద నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ ఒకటి. అన్నిటికన్నా అడుగున గోధుమరంగు కలిసిన మట్టి పచ్చ, ఎర్ర ప్రైమరు. ఎనభయ్యేళ్ల చరిత్ర మిల్లీమీటరు మందం కూడా లేదు. శాండ్ బ్లాస్టింగ్ తుడిచేసేది దీన్నే.

ఇక్కడ నా వాదనకి ఎదురుచెప్పేవాళ్లు రెండు రకాలు. ఒకరు, ఏటా పెయింటు వేయడం గౌరవం కదా అనేవాళ్లు. వాళ్ల మనసు మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ తుప్పు మీద ఎనామిల్ వేస్తే తుప్పు ఆగదు, లోపల లోపలే తింటుంది. పైన పటారం, లోన లొటారం అన్నట్టు తయారవుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఇది మరీ ఘోరం. ఉప్పు పూత కిందే చిక్కుకుపోతుంది. పూత వేసే ముందు మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ప్రైమరు వేశాకే రంగు. పదేళ్లకోసారి ఇలా ఒక్క పూత వేయడం, ఏటా రెండు పూతలు వేయడం కన్నా ఎంతో మేలు. పైగా మన పెయింటర్లు ఇత్తడినీ వదలరు. గ్రీజు నిపుల్స్, చక్రాల మీది ఇత్తడి గుర్తులు, డిగ్రీల స్కేళ్లు అన్నీ వెండిరంగు కింద సమాధి అయిపోయాయి. గొట్టం ఎంత పైకి లేచిందో చూపించే ఎలివేషన్ స్కేలు మీద చిలుము పట్టిన అంకెల్ని పాత టూత్ బ్రష్‌తో తోమి బయటపెట్టినప్పుడు మావయ్య ఆ చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

రెండో రకం వాళ్లు, అసలు సిసలు ఔత్సాహికులు. విదేశాల్లో కొందరు ఈ గన్‌లని 1944లో ఎలా ఉన్నాయో అలా చేస్తారు. అప్పటి రంగు, అప్పటి యూనిట్ గుర్తులు, లాగడానికి ఏఈసీ మాటడార్ లారీ కూడా వెతికి తెస్తారు. వాళ్ల పనితనం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వాళ్ల దేశంలో అది సబబే. కానీ మన దగ్గరున్న గన్‌కి అది అన్యాయం. దీని జీవితం 1945తో ఆగిపోలేదు. ఆ ఆలివ్ గ్రీన్ మూడు పూతలు ఏ రెజిమెంట్‌వో, ఎన్ని ఎండల్లో, ఎంతమంది కుర్రాళ్లు బ్రష్ పట్టుకుని వేసినవో. వాటిని గీకి పారేసి 1944 రంగు వేస్తే, ఆ కుర్రాళ్లు లేనట్టే లెక్క. సైన్యంలోంచి బయటకొచ్చిన నాటికి గన్ ఎలా ఉందో అలా ఉంచాలన్నది నా పట్టుదల. మేము ఊరి పూతలు తీశాం, ఆలివ్ గ్రీన్ దగ్గర ఆగాం. లేచిపోయిన చోట్ల మాత్రం అదే రంగు కలిపి నింపాం.

దీని మొదటి జీవితం చిన్నదని కాదు నేననేది. బర్మాలో 1945 మార్చిలో 19వ ఇండియన్ డివిజన్ మాండలే చేరినప్పుడు జపాన్ సైనికులు ఫోర్ట్ డఫెరిన్‌లో ఉన్నారు. ఎర్ర ఇటుక గోడ, దాని వెనక మందమైన మట్టికట్ట, చుట్టూ కందకం. కనుచూపు మేరకి అవతల ఉన్న లక్ష్యాల్ని కొట్టడానికి పుట్టిన 5.5ని కొన్ని వందల గజాల దగ్గరికి తోసుకొచ్చి, గొట్టం లోంచి గోడ కనిపించేంత దగ్గర్నుంచి కాల్చారు. ఇటుక పగిలింది, మట్టికట్ట మాత్రం గుండ్లని మింగేసింది. విమానాలతో బాంబులు కూడా వేశారు. చివరికి జపాన్‌వాళ్లు రాత్రికి రాత్రి మురుగు కాలవల్లోంచి జారుకుంటే మార్చి 20న కోట చేతికొచ్చింది. బర్మాలో పోరాడిన 14వ సైన్యంలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. బర్మా వెళ్లిన తాతల ఫొటోలు గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లల్లో గోడల మీద ఉన్నాయి.

బాగుచేసే పని దగ్గరికొస్తే, ముందు ఒక హెచ్చరిక. ఆ కొమ్ముల జోలికి వెళ్లకండి. స్ప్రింగులు ఇప్పటికీ బిగిసే ఉంటాయి. పైమూత విప్పితే గుండులా దూసుకొస్తుంది, మనిషి బతకడు. గొట్టం కింద ఉండే రికాయిల్ సిలిండర్లదీ అదే కథ. గన్ పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నే దెబ్బని నూనె, గట్టిగా నొక్కిన గాలి కలిసి ఆపుతాయి. దశాబ్దాలైనా ఆ ఒత్తిడి లోపల మిగిలే ఉండొచ్చు. ఎంత అనుభవమున్న లారీ మెకానిక్ అయినా సరే, వీటిని విప్పడం కొరివితో తల గోక్కోవడమే. బయట శుభ్రం చేసి, గ్రీజు రాసి వదిలేయాలి. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్, పాత పెయింటులో సీసం ఉంటాయి కాబట్టి పొడి చేయకుండా, తడిపే రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి.

బోల్టుల దగ్గర మాకు ఒక రోజంతా పోయింది. మా మెకానిక్ తన పానాల సెట్టు తెచ్చాడు. 19 వదులు, 18 ఎక్కదు. బలవంతం చేస్తే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతున్నాయి. అప్పుడు అర్థమైంది, ఇవి మిల్లీమీటరు బోల్టులు కావు, విట్‌వర్త్‌వి. బ్రిటిష్‌వాళ్ల పాత కొలత. పానా మీద రాసిన సైజు నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. మర కోణం కూడా వేరు, మన ఇప్పటి బోల్టులది 60 డిగ్రీలైతే దానిది 55. దొరికిన బోల్టు ఏదో పెట్టి బిగించేస్తే రెండు తిప్పులు తిరిగి మర పాడవుతుంది. చివరికి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో నేల మీద పరిచిన పాత ఇనుములో విట్‌వర్త్ పానాలు ఏడు దొరికాయి. వాటితో పాటు పాత బుల్లెట్ బండ్లు బాగుచేసిన ఒక పెద్దాయన దొరికాడు. ఆయన నట్టుని వేలితో తడిమి సైజు చెప్పేవాడు. తుప్పు పట్టిన బోల్టుకి నూనె పోసి, ఒక రాత్రి ఆగి, కొద్దిగా వేడిచేసి, ముందు బిగించే వైపు కాస్త కదిపి, తర్వాత విప్పడం ఆయన నేర్పించిందే.

అసలు శత్రువు మాత్రం నీళ్లే. మన ఊళ్లలో గన్‌ని ఎప్పుడూ మూతి ఆకాశం వైపు ఎత్తి నిలబెడతారు. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. కానీ ప్రతి వానా గొట్టంలోకి పోయి బ్రీచ్ దగ్గర నిలుస్తుంది. కొందరు అది ఆపాలని మూతిలో సిమెంటు కూరతారు, అప్పుడు లోపల చేరిన చెమ్మ బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. మూతికి రేకు మూత పెట్టి, దానికి అడుగున చిన్న బెజ్జం ఉంచి, వీలైతే గొట్టాన్ని నేలకి సమంగానో, ఒక పిసరు కిందకో వంచాలి. రెండోది, కాళ్లు. వెనక్కి చాచిన ఆ రెండు కాళ్లూ లోపల బోలుగా ఉంటాయి, అడుగున నీళ్లు పోయే బెజ్జాలుంటాయి. పూత మీద పూత పడి అవి పూడుకుపోతాయి. మూడోది, కాళ్లని సిమెంటులో పాతేయడం. ఉక్కు సిమెంటులోకి దిగే గీత ఉంటుందే, సరిగ్గా అక్కడే తుప్పు తింటుంది. మా గన్ ఎడమ కాలికి ఆ గీత దగ్గర వేలు దూరేంత బెజ్జం పడింది. ఆరు టన్నులూ టైర్ల మీద మోపడం కూడా తప్పే. రబ్బరు కొన్నేళ్లకి చీలిపోతుంది, గన్ ఒక పక్కకి ఒరుగుతుంది. ఇరుసు కింద ఇనుప స్టాండ్లు పెట్టి, టైర్లు నేలకి తాకీ తాకనట్టు ఉంచితే సరిపోతుంది.

కుడి కాలి అడుగున పూడుకుపోయిన బెజ్జాన్ని మావయ్యే తెరిచాడు. సన్నటి ఇనుప కడ్డీతో పొడుస్తుంటే ఒక్కసారి పెళ్ల ఊడి, ఎర్రటి నీళ్లు మీదకి చిమ్మాయి. ఆయన చొక్కా అంతా తడిసింది. బకెట్టు పెట్టాం, నిండింది. ఇంకోటి పెట్టాం. ఏ ఏటి వానలో అవి! సాయంత్రం మేము వెళ్లిపోయేటప్పటికి కూడా చుక్కలు పడుతూనే ఉన్నాయి.

ఊరి నడుమ యుద్ధ సామగ్రి ఎందుకు, తీసి పాత ఇనుముకి వేసేయండి అని ఒక మాస్టారు నాతో వాదించారు. ఆయన ఆలోచనని కొట్టిపారేయలేను. కానీ గన్ తీసేస్తే, మావయ్య వినపడని చెవి దేనివల్ల వచ్చిందో మా పిల్లలకి చూపించడానికి ఏమీ ఉండదు. అదొక్కటే నేనాయనకి చెప్పగలిగాను. గన్‌ల పేర్లు రాసిపెట్టే ఈ పని ఇప్పుడు అత్యవసరం కూడా. 5.5లు ఎప్పుడో తప్పుకున్నాయి. ఎం-46లలో కొన్నిటిని 155 మిల్లీమీటర్లకి మార్చి ‘శారంగ్’ అని పేరు పెట్టారు. మారనివి రేపు ఏ కూడలికో, ఏ కాలేజీ గేటుకో వస్తాయి. వచ్చిన రోజే, పెయింటు డబ్బా మూత తీయకముందే, అంకెలు రాసుకుని, ఫొటోలు తీసి, ఒక కాగితం మీద పెట్టుకోవడానికి గంట సమయం చాలు. ఆ గంట మా గన్‌కి ఎవరూ ఇవ్వలేదు కాబట్టే మాకు ఇన్ని నెలలు పట్టింది.

చివరికి రేకు మార్చే రోజు వచ్చింది. పెయింటరు నిచ్చెన మీద కూర్చుని నేను చెప్పినట్టే రాశాడు. ‘5.5 అంగుళాల మీడియం గన్. బ్రిటన్‌లో తయారైంది. గొట్టం 1944. బండి 1942.’ కింద గొట్టం నంబరు, బండి నంబరు. తర్వాత బ్రష్ ఎత్తి, “యుద్ధం పేరు ఏం రాయమంటారు సార్?” అన్నాడు.

నేను మావయ్య కేసి చూశాను. ఎడమ పక్క నిలబడ్డానని గుర్తొచ్చి, కుడి పక్కకి వెళ్లి మళ్లీ అడిగాను.

“నంబర్లు రాసి ఉత్తరం పంపాం కదరా. జవాబు వచ్చాక రాద్దాం,” అన్నాడు. పెయింటరుతో, “ఆ కింద రెండు లైన్లకి చోటు వదులు నాయనా,” అన్నాడు.